ఊరెళ్లొచ్చిన ఒళ్లు

దీపావళి దాటిందంటే మా బడిలో హాజరుపట్టీ సగం ఖాళీ అవుతుంది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, దోర్నాల వైపు ఏ గూడెం టీచరును అడిగినా, ఏ తండా టీచరును అడిగినా ఇదే మాట చెబుతారు. మాది వాన సరిగా పడని నేల. బోరు వేస్తే నీళ్లు పడవు, పడినచోట చాలావరకు ఫ్లోరైడు నీళ్లు. అందుకే ముందు పత్తి తీతకు, సంక్రాంతి తర్వాత మిరపకోతకు గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. మేస్త్రీ పంపిన ఆటోల్లో, లారీల్లో పెద్దవాళ్ల వెంట పిల్లలూ పోతారు. కొందరు నెలకు, కొందరు ఉగాదికి తిరిగొస్తారు. వచ్చేటప్పుడు కొత్త గౌనో, ప్లాస్టిక్ గాజులో తెస్తారు. చాలామంది ఒంటి మీద దద్దుర్లు, పొక్కులు, గోకిన గాట్లు కూడా తెస్తారు.

"సారూ, ఊరికి పోయొచ్చినకాడ్నించి ఒళ్లంతా ఇట్టయింది" అని చొక్కా ఎత్తి చూపిస్తారు. అప్పుడు మన టీచర్లలో ఎక్కువమందికి ముందుగా వచ్చే ఆలోచన ఒకటే. ఇది పక్కవాళ్లకు అంటుకుంటుందా? ఆ ఆలోచన తప్పు కాదు. కానీ ఆ ఒక్క ఆలోచనతోనే ఆగిపోతే ఏం జరుగుతుందో మేము రెండుసార్లు చూశాం. ఒకసారి పిల్లలుగా, ఒకసారి టీచర్లుగా. ఆ రెండూ చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మేమిద్దరం నల్లమల అంచున ఒకే చెంచు గూడెంలో పుట్టాం. అన్నదమ్ముల పిల్లలం. ఒకే హాస్టల్లో చదివాం, మైనంపాడు డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేశాం, తిరిగి తిరిగి ఇప్పుడు ఒకే బడిలో పనిచేస్తున్నాం. మా చిన్నప్పుడు సంక్రాంతి సెలవులంటే పండగ కాదు, నాయనల వెంట అడవికి పోవడం. ఆ రోజుల్లో నల్లజీడి కాయలు ఏరేవాళ్లం. చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే జీడి అదే. ఆ కాయ పగిలితే వచ్చే నల్లని రసం ఒంటికి తగిలితే ఊరుకోదు. మా నాయనలు చేతులకు నూనె పూసుకుని ఏరేవాళ్లు. మేము ఆటల్లో పడి ఆ మాట మరిచాం. ఏరిన చేతుల్తోనే ముఖం తుడుచుకున్నాం.

సెలవులైపోయాక బస్సెక్కి హాస్టల్‌కు చేరేసరికి బాగానే ఉన్నాం. మరునాటికి వేళ్ల సందుల్లో, బుగ్గల మీద, మెడ మీద మంట మొదలైంది. ఆ తర్వాత నీటి పొక్కులు. వార్డెన్ మా చేతులు చూసి, మమ్మల్ని ఒక్క మాటా అడగకుండా, "గూడెం నుంచి గజ్జి పట్టుకొచ్చారు" అన్నాడు. మా ఇద్దరికే గుండు గీయించారు. పళ్లేలు వేరు, పడక వరండాలో. మాఘమాసపు చలి. ఎనిమిది రోజులు అలా ఉన్నాం. మాకు పూసిన మందు గజ్జి మందు. అది పొక్కుల మీద పడి మంట రెట్టింపయింది. తోటి పిల్లలు చాలాకాలం మమ్మల్ని గజ్జోళ్లు అని పిలిచారు.

అది గజ్జి కాదు. ఎవరికీ అంటుకునేది కాదు. నల్లజీడి, జీడిమామిడి, మామిడి ఒకే కుటుంబం చెట్లు. వాటి రసంలో, సొనలో చర్మాన్ని రేపే పదార్థాలుంటాయి. వెంటనే కనిపించకుండా ఒకటి రెండు రోజుల తర్వాత పైకి తేలడం వాటి గుణం. మా గూడెంలో పదేళ్ల పిల్లవాడికి కూడా ఈ సంగతి తెలుసు. "ఎక్కడికి పోయొచ్చారు, ఏం ముట్టుకున్నారు" అని ఒక్కరు అడిగి ఉంటే మేమే చెప్పేవాళ్లం. మమ్మల్ని అడగలేదు. గూడెం నుంచి వచ్చారన్న మాటే వాళ్లకు కారణంగా సరిపోయింది.

ఇదంతా తలుచుకుని మేము అలాంటి టీచర్లం కాబోమని అనుకున్నాం. అయినా అయ్యాం.

కొన్నేళ్ల కిందట డిసెంబరులో ఒక సోమవారం ఐదో తరగతి పిల్ల అవ్వ చెయ్యి పట్టుకుని బడికొచ్చింది. పత్తి తీతకు పోయి అంతకు ముందు వారమే వచ్చారు. నాలుగు రోజులుగా జ్వరం. పొట్ట మీద, వీపు మీద సన్న సన్న దద్దు. మేమిద్దరం ముఖాలు చూసుకుని, "అమ్మవారు పోసినట్టుంది, పదిరోజులు ఇంటికాడే ఉంచు అవ్వా" అన్నాం. వేపాకు పరుపు మీద పడుకోబెట్టమని కూడా మేమే చెప్పాం. బడిలో ముప్పైమంది పిల్లలున్నారు, వాళ్లకు పాకకూడదన్నది మా భయం. ఆసుపత్రికి తీసుకుపొమ్మని మాత్రం చెప్పలేదు. ఇంట్లో అమ్మవారుంటే మందు బిళ్ల వెయ్యరు, కూర తిరగమోత పెట్టరు, బయటివాళ్లను రానివ్వరు. మా నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటతో పిల్లకు మందు దారి మూసుకుపోయింది.

నాలుగు రోజులాగి మధ్యాహ్న భోజనం కోడిగుడ్లు, చిక్కీలు ఇచ్చి వద్దామని గూడెంకు పోయాం. పిల్ల లేవడం లేదు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూస్తోంది. అవ్వ బయటికొచ్చి, "సారూ, అమ్మవారైతే నీటిపొక్కు లేస్తది, పండుతది, ఎండుతది. దీనికి అదేమీ లేదు. తలకాయ పగిలిపోతాందని ఏడుస్తాంది. మీరు చదువుకున్నోళ్లు చెప్పారని ఊరకున్నా" అంది.

ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అవ్వకు తెలిసింది మాకు తెలియలేదు. తెలిసిన అవ్వ మా చదువును చూసి నోరు మూసుకుంది.

ఫోను సిగ్నల్ కోసం గుట్టెక్కి 108కి చేశాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, "ఈ నెలలో ఎక్కడికైనా పోయొచ్చారా?" రెండోది, "అక్కడ ఎక్కడ పడుకున్నారు?" చేను గట్టున పట్టా కప్పుకుని, గడ్డి పరుచుకుని పడుకున్నామని తల్లి చెప్పింది. డాక్టరమ్మ పిల్ల చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో వెతికింది. మొలతాడు కింద దొరికింది. చిన్న నల్లని చెక్కు. బీడీతో కాల్చినట్టు చుట్టూ ఎర్రగా, మధ్యలో నల్లగా. నొప్పి లేదు, దురద లేదు. అందుకే పిల్ల చెప్పలేదు, తల్లి చూడలేదు.

స్క్రబ్ టైఫస్ అంది. రక్తపరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టింది. మూడో రోజుకు జ్వరం దిగింది. వారం దాటాక పిల్ల ఇల్లు చేరింది. ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఊపిరితిత్తులకో, మెదడుకో పాకేదని డాక్టరమ్మ చెబుతుంటే మేము తల ఎత్తలేకపోయాం.

ఈ జబ్బు గురించి అప్పటినుంచి దొరికినంత చదివాం. దీన్ని తెచ్చే సూక్ష్మజీవి పేరు ఓరియెన్షియా త్సుత్సుగముషి. జపాను భాషలో ముషి అంటే పురుగు. పొదల్లో, గడ్డిలో ఉండే నలుసంత పురుగు పిల్లదశలో మనిషిని కుడుతుంది. కుట్టినట్టు కూడా తెలియదు. ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కొందరికి దద్దు వస్తుంది, కొందరికి రాదు. నల్లచెక్కు కూడా అందరికీ ఉండదు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా, అస్సాం అడవుల్లో దిగిన సైనికులను ఈ జబ్బు బాగా దెబ్బతీసింది. అప్పట్లో దీనికి మందు లేదు. 1948లో మలయాలో క్లోరాంఫెనికాల్ అనే మందు పనిచేస్తుందని తేలింది. ఇప్పుడు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వాడుతున్నారు. ఖరీదైనవి కావు, పీహెచ్‌సీల్లో సాధారణంగా దొరికేవే. మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోదు. అంటే ఆ పిల్లను బడికి దూరంగా ఉంచి మేము ఎవరినీ కాపాడలేదు. ఆ పిల్లకు మాత్రం నాలుగు రోజులు పోగొట్టాం.

అప్పటినుంచి ఊరెళ్లొచ్చిన పిల్ల ఒంటి మీద దద్దు కనిపిస్తే మేము ఐదు ప్రశ్నలు అడుగుతున్నాం. డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నవి కొన్ని, అవ్వ దగ్గర నేర్చుకున్నవి కొన్ని. మేము వైద్యులం కాదు, జబ్బు పేరు తేల్చడం మా పని కాదు. ఎవరిని బడిలో కూర్చోబెట్టాలి, ఎవరిని వెంటనే ఆసుపత్రికి పంపాలి అన్నది తెలియాలి, అంతే.

మొదటి ప్రశ్న: జ్వరం ఉందా?

జ్వరంతో దద్దు ఉంటే అది ఇంట్లో చూసుకునేది కాదు. పొడిదగ్గు, ఎర్రటి కళ్లు, ముక్కు కారడం ఉండి చెవుల వెనక, ముఖం మీద మొదలై కిందికి దిగితే తట్టు కావచ్చు. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర వయసులో ఒకటి వేసే టీకాలు దాని కోసమే. వలసలో ఉన్న పిల్లలకు ఆ రెండోది తప్పిపోతూ ఉంటుంది, కార్డు చూడండి. నీటి పొక్కులు విడతలు విడతలుగా లేస్తే ఆటలమ్మ. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఇంటి దగ్గర ఉంచాల్సింది ఇందులోనే. కంటి వెనక నొప్పి, విపరీతమైన ఒళ్లునొప్పులు, కొన్ని రోజులకు దద్దు వస్తే డెంగీ అనుమానించాలి. అప్పుడు నొప్పి బిళ్లలు ఇష్టం వచ్చినట్టు వేయకూడదు. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. నల్లచెక్కు సంగతి పైన చెప్పాం. అమ్మవారికి మొక్కుకోవడాన్ని మేము కాదనం. మొక్కు మొక్కే, మందు మందే. రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చని ఇప్పుడు గూడెంలో చెబుతున్నాం.

రెండో ప్రశ్న: ఎక్కడ పడుకున్నారు?

2024 మే 13 ఎన్నికల డ్యూటీకి పోయి ఒక పాతబడిలో చాపల మీద పడుకున్నాం. తెల్లారేసరికి మా ఇద్దరి చేతుల మీద మూడు మూడు, నాలుగు నాలుగు వరసగా దద్దుర్లు. నల్లులు కుట్టాయి. వరసగా ఉండటమే గుర్తు. దానికి తోడు మే ఎండకు మెడ మీద, వీపు మీద చెమటకాయలు. గాలి తగిలేచోట పలచని నూలుబట్ట వేసుకుంటే అవి తగ్గిపోయాయి. అదే పశువుల పాకలో పడుకుంటే గోమార్లు పట్టవచ్చు. వానాకాలంలో దీపం కింద పడుకుంటే ఎరుపు నలుపు కలిసిన సన్న పురుగు ఒకటి ఒంటి మీద వాలుతుంది. అది కుట్టదు. మనం చేత్తో నలిపితే దాని రసం పడిన మేర గీత గీసినట్టు కాలుతుంది. నలపకుండా ఊదేసి, ఆ చోటును సబ్బుతో కడగాలి.

మూడో ప్రశ్న: ఏం ముట్టుకున్నారు?

మిరపకోతలో చేతులు మండటం కారం ఒక్కదాని వల్లే కాదు. చేనుకు కొట్టిన పురుగుమందు కాయ మీద, ఆకు మీద ఉంటుంది. మందు కొట్టిన మరునాడే కోతకు దింపే చేలున్నాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం, పని ఆపగానే సబ్బుతో కడుక్కోవడం, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకపోవడం మన చేతిలో ఉన్నవి. దద్దుతో పాటు వాంతులు, చొంగ, చూపు మసక, తలతిప్పుడు ఉంటే అది విషం ఒంట్లోకి పోయిన గుర్తు, వెంటనే ఆసుపత్రే. రోడ్ల పక్కన తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ ఇంకొకటి. ఈ పిచ్చిమొక్క 1950లలో మన దేశంలో పాకడం మొదలైంది. దాని పొడి గాలిలో తగిలినా కొందరికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు రేగుతాయి. అడవిలోనైతే దురదగొండి. దాని కాయ మీది నూగు ఒంట్లో దిగుతుంది. రుద్దేకొద్దీ లోపలికి పోతుంది. బట్టలు విప్పేసి, రుద్దకుండా నీళ్లు పోయాలి. ఇవేవీ ఎవరికీ అంటుకునేవి కావు.

నాలుగో ప్రశ్న: ఇంట్లో ఇంకెవరికి ఉంది, రాత్రిళ్లు దురద ఎక్కువా?

ఇంటిల్లిపాదికీ ఉండి, రాత్రి పడుకోగానే దురద పెరిగి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ ఉంటే అప్పుడు అది గజ్జి. గజ్జి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది మురికి వల్ల రాదు. కంటికి సరిగా కనపడని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. ఒకరికొకరు ఆనుకుని పడుకునే చోట పాకుతుంది. ఒక పట్టా కింద పదిమంది పడుకునే వలస గుడిసెలో, ఒక గదిలో నలభైమంది పడుకునే హాస్టల్లో పాకక ఏం చేస్తుంది? మొదటిసారి పట్టినవాళ్లకు దురద మొదలవడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ఎవరు ఎవరికి అంటించారో తేల్చడం కుదరని పని. పర్మెత్రిన్ మందు మెడ నుంచి అరికాళ్ల దాకా పూసి రాత్రంతా ఉంచి కడగాలి, వారానికి మళ్లీ పూయాలి. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రోజు పూసుకోవాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటికొస్తుంది. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. నీళ్లు లేని మా గూడేల్లో అది కష్టం. అప్పుడు సంచిలో మూతి బిగించి నాలుగైదు రోజులు పక్కన పెట్టినా పురుగు చస్తుంది.

ఐదో ప్రశ్న: ఏం తిన్నారు, ఏ బిళ్ల వేసుకున్నారు?

కొత్తగా ఏదో తిన్నాక ఒళ్లంతా దద్దుర్లు తేలి, ఇక్కడ మాయమై అక్కడ లేచి, ఒక్కొక్కటి రోజు లోపు అణిగిపోతే అది ఒంటికి పడకపోవడం. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా 108. ప్రయాణంలో బస్టాండు దగ్గర కొని వేసుకున్న జ్వరం బిళ్లలు, విరేచనాల బిళ్లలు కూడా కొందరికి పడవు. బిళ్ల వేసుకున్న ప్రతిసారీ ఒకేచోట నల్లమచ్చ లేస్తుంటే ఆ బిళ్ల పేరు రాసి పెట్టుకుని డాక్టరుకు చూపించాలి. నోట్లో పుండ్లు, చర్మం ఊడటం మొదలైతే అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఇక్కడ తోటి టీచర్లకు రెండు మాటలు.

ఒకటి, మన పుస్తకాల్లో, ఫోన్లలో కనిపించే దద్దుల బొమ్మల్లో చాలావరకు తెల్లతోలువి. ఎర్రగా కనిపిస్తుంది అని రాస్తారు. మన పిల్లల నల్లని ఒంటి మీద ఎరుపు కనపడదు. ఊదాగానో, మరింత నల్లగానో, ఒక్కోసారి ఏ రంగూ లేకుండానో ఉంటుంది. వెలుతురులోకి తెచ్చి చూడాలి, చేత్తో తడిమి చూడాలి, అరచేతులు, అరికాళ్లు, నోటి లోపల చూడాలి. మా పిల్ల నల్లచెక్కు నల్లని ఒంటి మీద మొలతాడు నీడలో ఉండిపోయింది. ఆడపిల్లలైతే ఆశా అక్క చేతనో, ఏఎన్‌ఎం చేతనో, తల్లి ఎదుట చూపించాలి. నలుగురిలో బట్టలు తొలగించమని ఎప్పుడూ అడగకూడదు.

రెండు, మందులషాపులో దద్దు అనగానే ఇచ్చే నాలుగు రకాలు కలిపిన ట్యూబు వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద అణిగినట్టుంటుంది. లోపల తామర అయితే నడుమంతా పాకుతుంది. కిరసనాయిలు, బ్యాటరీ నీళ్లు, పచ్చి పేడ పొక్కుల మీద పూయడం ఇంకా చూస్తున్నాం, అవీ వద్దు.

ఇప్పుడు మా బడిలో ఒక నోటుబుక్కు ఉంది. వలస పోయే ముందు పిల్ల పేరు, పోయే ఊరు, తల్లిదండ్రుల ఫోను నంబరు, టీకాల వివరం రాస్తాం. తిరిగొచ్చిన రోజు ఐదు ప్రశ్నలు అడిగి జవాబులు రాస్తాం. జ్వరం ఉన్న పిల్లను మాలో ఒకరం వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి పోతాం, ఇంకొకరం బడి చూసుకుంటాం. మిగతా దద్దుల వాళ్లెవరినీ వేరుగా కూర్చోబెట్టం. గజ్జి పిల్లలు కూడా మొదటి మందు పూసుకున్న మరునాడు బడికి రావొచ్చు.

వలస ఆపడం మా చేతిలో లేదు. వెలిగొండ నీళ్లు వస్తే మా ఊళ్లు కదలవని మా నాయనల కాలం నుంచి వింటున్నాం. అది వచ్చేదాకా పిల్లలు పోతూనే ఉంటారు, వస్తూనే ఉంటారు. వచ్చిన పిల్లను చూసి ముందు ఏమడుగుతామన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ఆ పిల్ల ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. మొన్న దసరా సెలవులకు వచ్చి బడికి వచ్చింది. హాస్టల్లో ఒక చిన్నపిల్లకు చేతుల నిండా పొక్కులొస్తే అందరూ దూరం జరిగారట. తను పక్కన కూర్చుని, "యాడికి పోయొచ్చినావు? ఏం ముట్టుకున్నావు?" అని అడిగిందట. పిల్ల వాళ్లమ్మతో జీడిమామిడి తోటకు పోయిందని చెప్పిందట. వార్డెన్ మేడమ్‌కు ఆ సంగతి చెప్పి, ఆసుపత్రికి తీసుకుపోయేదాకా వెంట ఉందట.

మేము విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ పిల్లకు మా నోటుబుక్కు చూపించాం. అందులో తన పేరు మొదటి పేజీలో ఉంది.